వంశవృక్షం సైట్లు: ఒక రిటైర్డ్ వీఆర్వో రివ్యూ

ముందే తీర్పు చెప్పేస్తాను, ఓపిక లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. మీ తాతముత్తాతలు పుట్టిన ఊళ్ళోనే సేద్యం చేసుకుని అక్కడే పోయినవాళ్ళైతే, డబ్బు కట్టించుకునే వంశవృక్షం సైట్లు మీకు శుద్ధ దండగ. అదే ఎవరైనా కూలికి ఓడెక్కి ఉంటే, పట్టాలంలో చేరి ఉంటే, చర్చిలో బాప్తిస్మం తీసుకుని ఉంటే మాత్రం ఆన్‌లైన్‌లో మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే దొరుకుతుంది. అందులో అసలు సరుకు చాలావరకు ఉచితం.

నా సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే ఈయనెవరు తీర్పులివ్వడానికి అంటారు. మాది పుత్తూరు వైపు. మా నాయన కరణం. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాలనీ మునసబులనీ తీసేసేదాకా ఆయన అడంగళ్ళు (ఏ పొలం ఎవరిది, ఏం పండింది అనే ఊరి లెక్కలు) రాశాడు. తర్వాత నేను రెవెన్యూలో చేరి, వీఆర్వోగా రిటైరయ్యేదాకా అదే పని చేశాను. మా ఇంటికి అన్నం పెట్టింది ఆ రిజిస్టర్లే. అందుకే ఏ డేటాబేస్ తెరిచినా నాకు మొదట వచ్చే ప్రశ్నలు ఇవే: ఇది ఎవరు రాశారు, ఎవర్ని అడిగి రాశారు, ఏ అవసరానికి రాశారు? శిస్తు వసూలుకి రాసిన కాగితం ఒక రకం నిజం చెప్తుంది, కూలీల లెక్కకి రాసిన కాగితం ఇంకో రకం నిజం చెప్తుంది. సైటు ఎంత అందంగా ఉన్నా లోపల ఉన్నది ఎవరో ఒక గుమాస్తా రాసిన కాగితమే కదా.

ఈ పనిలోకి నన్ను దింపింది డర్బన్ నుంచి తిరుమల దర్శనానికి వచ్చిన ఒక కుటుంబం. కారు నడిపింది మా తమ్ముడి కొడుకు. "మా పెదనాన్న ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ చూశాడు సార్" అని వాళ్ళని నేరుగా మా ఇంటికి తీసుకొచ్చేశాడు. నాయుడు అని చెప్పుకునే మనుషులు. భజన పాటలు తెలుగులో పాడతారు, మాట్లాడమంటే ఇంగ్లీషే. ఆవిడ నన్ను "అంకుల్" అని పిలిచి, ప్లాస్టిక్ కవర్లోంచి ఒక ప్రింటు తీసి నా ముందు పెట్టింది. ఒకే ఒక్క లైను. ఒక నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, థానా, ఊరు, చివర్లో ఒంటి మీది గుర్తులు. ఎడమ మోకాలి కింద మచ్చ అట. పోలీసు రికార్డులో రాసినట్టు రాశారు. నూరేళ్ళ కిందటి మనిషి మోకాలి మచ్చ తెలుస్తోంది, ఆయన ఊరు మాత్రం తెలియడం లేదు!

ఆ లైను వచ్చింది నేటాల్ ఓడల లిస్టుల నుంచి. నేటాల్ అంటే దక్షిణాఫ్రికాలో డర్బన్ ఉన్న ప్రాంతం. నా రివ్యూలో పదికి తొమ్మిది మార్కులు దీనికే. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. అక్కడి నుంచి 1911లో చివరి ఓడ దాకా, చెరకు తోటలకీ రైల్వేకీ బొగ్గు గనులకీ ఒప్పందం మీద వెళ్ళినవాళ్ళు లక్షా 52 వేల మందికి పైనే. వాళ్ళలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఎక్కినవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక కొలోనియల్ నంబరు ఇచ్చి రిజిస్టర్లో ఎక్కించారు. ఆ రిజిస్టర్లని కంప్యూటర్లోకి ఎక్కించిన పుణ్యం డర్బన్‌లోని విశ్వవిద్యాలయం వాళ్ళది. ఇప్పుడది క్వాజులు-నేటాల్ యూనివర్సిటీలో గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ కింద ఉంది. చూడ్డానికి పైసా ఖర్చు లేదు.

ఒక సంగతి గుర్తుంచుకోండి. 1866 నుంచి 1874 దాకా ఓడలు ఆపేశారు. మీ ఇంట్లో 1870లో వెళ్ళాడని చెప్పుకుంటుంటే, ఆ సంవత్సరాన్ని పట్టుకుని వేలాడకుండా ముందూ వెనకా చూడండి. మా పెద్దవాళ్ళు అసలు ఇంగ్లీషు సంవత్సరాలే చెప్పరు కదా. మా అవ్వని ఏదడిగినా "ధాత కరువప్పుడు", "పరాభవ సంవత్సరంలో" అనేది. దానికో చిన్న లెక్క ఉంది. ప్రభవ 1867లో వచ్చింది, మళ్ళీ 1927లో, మళ్ళీ 1987లో. పంచాంగం దగ్గర పెట్టుకుని వేళ్ళ మీద లెక్కేస్తే ధాత 1876, నందన 1892, పరాభవ 1906. ఏ అరవై ఏళ్ళ చుట్టో మాత్రం మీరే ఆలోచించుకోవాలి. రాయలసీమ, ఉత్తర ఆర్కాటు నుంచి ఓడెక్కినవాళ్ళ కథల్లో ధాత కరువు మాట తరచూ వస్తుంది. ఓడలు మళ్ళీ మొదలైన రెండేళ్ళకే ఆ కరువు.

ఇక ఆ లైను చదవడం సంగతి. పేరు చెప్పను, ముని అని మొదలయ్యే పేరు అనుకోండి. మా వైపు ఇంటికి ఒక ముని ఉంటాడు కాబట్టి ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ రెండక్షరాలనే ఆ లిస్టుల్లో మూనీ, మునూ, మూన్, మొన్నీ అని ఎన్ని రకాలుగా రాశారో. తెలుగువాడు చెప్పింది తమిళ గుమాస్తా విని, ఇంగ్లీషు దొరకి అర్థమయ్యేలా రాస్తే అలాగే ఉంటుంది. సెర్చ్ బాక్సులో మీరు అనుకున్న స్పెల్లింగ్ కొడితే ఏమీ రాదు, లేదా వందలమంది వస్తారు. పేరుతో వెతకడం దాదాపు వృథా.

రాత్రిపూట నేను ల్యాప్‌టాప్ ముందు గొణుక్కుంటుంటే మా కోడలు వచ్చి చూసింది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "మామా, పేరు వదిలేసి ఊరు పట్టుకోండి. మీకు బాగా తెలిసింది ఊళ్ళే కదా" అంది. చిన్నపిల్లలా చెప్పింది గానీ సరైన మాట చెప్పింది.

ఊరు కాలమ్‌లో ఉన్నది కుండ్రిక లాంటి మాట. ఇతర జిల్లాల వాళ్ళకి తెలియకపోవచ్చు, మా వైపు కండ్రిగలకి లెక్క లేదు. ఇనాముగానో గుత్తగానో ఇచ్చిన పొలం చుట్టూ పుట్టిన ఊళ్ళు అవన్నీ, ముందు ఎవరిదో ఒకరి పేరు తగిలించి ఉంటాయి. గుమాస్తా ఆ ముందు పేరు వదిలేసి కండ్రిగ మాత్రం రాసుకున్నాడు. జిల్లా చూస్తే నార్త్ ఆర్కాట్. డర్బన్ వాళ్ళు పాపం అది తమిళనాడు అనుకుని, ముందుగా వెల్లూరు వెళ్ళి అక్కడ అడిగి వచ్చారు. 1911 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లా పుట్టేదాకా మా ఊళ్ళన్నీ నార్త్ ఆర్కాట్లోనే ఉన్నాయని వాళ్ళకి చెప్పేవాళ్ళు లేరు. మదనపల్లె, వాయల్పాడు అప్పుడు కడప జిల్లా. 2022 నుంచి పుత్తూరు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది. అంటే ఒకే ఊరు, కాలాన్ని బట్టి మూడు జిల్లాల పేర్లతో మూడు చోట్ల దొరుకుతుంది.

ఇది మా ఒక్కరి బాధ కాదు. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, అంతకుముందు విశాఖపట్నం. గుంటూరు జిల్లా 1904లో, పశ్చిమ గోదావరి 1925లో, ప్రకాశం 1970లో, విజయనగరం 1979లో వచ్చాయి. తెలంగాణలో 2016 అక్టోబరులో హైదరాబాదు తప్ప జిల్లాలన్నీ మళ్ళీ గీశారు. ఏ సైటులోనైనా జిల్లా పేరు కొట్టేముందు, ఆ సంవత్సరానికి మీ ఊరు ఎవరి కింద ఉందో తేల్చుకోండి. పాత జిల్లా గెజిటీర్లు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో ఉచితంగా ఉన్నాయి, వాటి వెనక పేజీల్లో తాలూకాల వివరాలు ఉంటాయి.

థానా కాలమ్ మాకు దారి చూపించింది. అందులో ఉన్నది కార్వేటినగరం. ఎన్ని వంకరలు తిప్పి రాసినా ఆ పేరు దాగదు. తర్వాత నేను చేసింది ఏంటంటే, ఆయన ఒక్కడి లైను పక్కన పెట్టి, ఆ ఓడ మొత్తం లిస్టు తెరిచి అదే థానా వాళ్ళందర్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. కూలికి వెళ్ళేవాళ్ళు ఒంటరిగా వెళ్ళేది తక్కువ. పక్క ఊరి వాళ్ళతో, బావమరుదులతో కలిసి వెళ్తారు. నంబర్లు వరసగా ఉన్నవాళ్ళలో ఇద్దరి ఊరు స్పష్టంగా ఉంది, ఆ ఊరు నాకు బాగా తెలుసు. దానికి పొలిమేర కలిసే కండ్రిగ ఒక్కటే ఉంది. దాని పేరు కూడా చెప్పను, అక్కడ మనుషులు ఉన్నారు.

కులం కాలమ్ గురించి ఒక మాట. ఓడెక్కించేముందు కూలీల్ని ఉంచిన డిపోలో మనిషి ఏం చెప్తే అది రాసుకున్నారు. పని దొరకదేమోనని ఒకలా, ఊరి తలనొప్పి వదుల్చుకోవాలని ఇంకోలా చెప్పినవాళ్ళు ఉంటారు. దాన్ని పట్టుకుని ఇప్పుడు ఎవరూ సంబరపడక్కర్లేదు, బాధపడక్కర్లేదు. అలాగే డర్బన్లో ఇప్పుడున్న ఇంటిపేరు చాలాసార్లు అసలు ఇంటిపేరు కాదు. ఓడ దిగిన తాత పేరో, కులం బిరుదో అక్కడ ఇంటిపేరై కూర్చుంది.

ఊరు దొరికాక ఆన్‌లైన్ పని అయిపోయింది, పాత ఉద్యోగం మొదలైంది. కార్వేటినగరం జమీందారీ కాబట్టి, 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్మెంట్ రిజిస్టరే ఆ ఊరికి మాకు ఆధారం. అందులో పట్టాదారు పేరు, తండ్రి పేరు ఉంటాయి. మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టే అలవాటు ఎంత గొప్ప ఇండెక్సో అప్పుడు తెలుస్తుంది. ఓడెక్కినాయన తండ్రి పేరు, ఆ రిజిస్టర్లో ఒక కుటుంబంలో తరం విడిచి తరం కనబడుతోంది. రక్తసంబంధం రుజువైందా అంటే లేదు. కోర్టులో నిలబడదు. కానీ ఆ ఇంటి పెద్దావిడ, "మా మామగారి చిన్నాయన ఒకడు పట్నం పోయి మళ్ళీ రాలేదని చెప్పేవాళ్ళు" అంది. మా వైపు పట్నం అంటే మద్రాసే. ఓడ రేవూ అక్కడే.

ఇక ఫ్యామిలీసెర్చ్. అందరూ మొదట చెప్పే పేరు ఇదే. పూర్తిగా ఉచితం, అకౌంట్ తెరిస్తే చాలు. నడిపేది అమెరికాలో యూటా రాష్ట్రంలోని మార్మన్ చర్చి. వాళ్ళకి మత కారణం ఉంది. పోయిన పూర్వీకుల తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకునే ఆచారం వాళ్ళది. అందుకోసం 1894 నుంచి వంశావళులు సేకరిస్తున్నారు. ప్రపంచమంతా తిరిగి తీసిన 24 లక్షల మైక్రోఫిల్ము రీళ్ళని 2021కి డిజిటల్ చేసేశారు. నచ్చినవాళ్ళు వాడుకోండి, నచ్చనివాళ్ళు మానుకోండి, నాకైతే కాగితం ఎవరు ఫొటో తీస్తేనేం. మన దేశానికి సంబంధించి అందులో మద్రాసు డయోసిస్ చర్చి రికార్డులున్నాయి. హరిద్వార్ లాంటి క్షేత్రాల్లో పండాలు రాసుకున్న బహీలు కూడా ఉన్నాయి. హిందువుల ఇళ్ళలో ఎవరైనా అస్థికలు కలపడానికి ఉత్తరాదికి వెళ్ళి ఉంటే ఆ బహీల్లో ఊరు, కులం వారీగా పేర్లు ఉంటాయి. తెలుగువాళ్ళు ఎక్కువగా కాశీకీ గయకీ వెళ్తారు కాబట్టి, అక్కడి మీ పండా ఎవరో ఇంట్లో పెద్దవాళ్ళని అడగడం దగ్గరి దారి.

ఈ సైటులో తెలుసుకోవాల్సిన కిటుకు ఒకటుంది. సెర్చ్ బాక్సులో దొరికేది ఇండెక్స్ చేసిన కొంత భాగమే. మిగతాది కేటలాగ్‌లోకి వెళ్ళి, జాగా పేరుతో వెతికి, కెమెరా బొమ్మ ఉన్న రీలు తెరిచి, ఒక్కో పేజీ తిప్పుకోవాలి. కొన్ని రీళ్ళు ఇంట్లోంచి తెరుచుకోవు, వాళ్ళ సెంటర్లోనే చూడాలి. పేజీలు తిప్పే ఓపిక రికార్డు రూములో కూర్చున్నవాళ్ళకి అలవాటే. ఫోన్లో రీల్సు తిప్పేవాళ్ళకి మాత్రం కష్టం. మా వీధిలో ఒక టీచరమ్మ ఉంది, వాళ్ళది తరతరాలుగా క్రైస్తవ కుటుంబం. 1853లో మొదలైన ఆర్కాట్ మిషన్ వాళ్ళు మదనపల్లె, చిత్తూరు ప్రాంతంలో పెట్టిన చర్చిల పరంపర వాళ్ళది. ఆవిడకి నేను చెప్పింది ఒక్కటే: ముందు మీ చర్చి పాస్టరు గారి బీరువాలో రిజిస్టరు చూడండమ్మా, తర్వాతే కంప్యూటర్. ఇలాంటి చిన్న సంఘాల పుస్తకాలకి బీరువాయే గతి.

బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఇండియా ఆఫీస్ రికార్డుల్లో మద్రాసు ప్రెసిడెన్సీ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు ఎన్-2 అనే వరసలో ఉంటాయి. వాటి స్కాన్లు ఫైండ్‌మైపాస్ట్‌లో చందా మీద చూపిస్తారు. ఫిబిస్ అనే సంస్థ ఉచితంగా ఇండెక్సులు పెట్టింది. ఇవన్నీ ప్రధానంగా దొరల కోసం, ఆంగ్లో ఇండియన్ల కోసం. వాల్తేరులోనో గుంతకల్లులోనో రైల్వే కాలనీలో పుట్టి పెరిగిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలకి బంగారు గని. మామూలు రైతు కుటుంబానికి ఏమీ లేదు.

డబ్బు కట్టే సైట్లలో ఒకదాన్ని మా అబ్బాయి నా పుట్టినరోజుకి ఫ్రీ ట్రయల్ అని చెప్పి పెట్టిచ్చాడు. పేరు చెప్పను. కార్డు నంబరు ముందే తీసుకున్నారు, గడువు ముగిసిన రోజే ఏడాది డబ్బులు లాగేశారు. వద్దని చెప్పడానికి బటన్ ఎక్కడుందో వెతుక్కోవడం నార్త్ ఆర్కాట్లో కండ్రిగ వెతకడం కంటే కష్టమైంది. పోనీ సరుకుందా? రోజూ పొద్దున్నే "మీ పూర్వీకుడికి సంబంధించిన కొత్త రికార్డు" అని మెయిల్. తెరిచి చూస్తే ఇంగ్లండులో ఏదో పల్లెలో గొర్రెలు కాసిన ముసలాయన. మా ముత్తాత పేరులో రెండక్షరాలు కలిశాయట. అమెరికాలోనో ఇంగ్లండులోనో మూడు నాలుగు తరాలుగా ఉన్నవాళ్ళకి జనాభా లెక్కలూ ఓడ కాగితాలూ అన్నీ ఒక్కచోట దొరుకుతాయి కాబట్టి ఇలాంటి సైటు పనికొస్తుంది, కాదనను. మా కుటుంబానికి మాత్రం పదికి రెండు మార్కులు, అవి కూడా చార్టు ప్రింటు బాగా వస్తుందని.

చార్టు అంటే గుర్తొచ్చింది. ఈ ప్రోగ్రాములు తయారు చేసినవాళ్ళ ఊళ్ళలో మేనరికాలు లేనట్టున్నాయి. మా పెద్దక్కని మా అమ్మ సొంత తమ్ముడికే ఇచ్చాం. అంటే ఆయన నాకు మామ, బావ కూడా. ఆయన్ని ఎక్కించగానే ఒకసారి అమ్మ పక్కన, ఒకసారి అక్క పక్కన కనబడ్డాడు. ప్రోగ్రామ్‌కి టెన్షన్ మొదలైంది. ఇది డూప్లికేట్ అయ్యుండొచ్చు, తరాలు తప్పుగా ఉన్నాయేమో చూడండి అని ఎర్ర గుర్తులు. మా పెదతాత అక్కచెల్లెళ్ళు ఇద్దర్నీ చేసుకున్నాడు, మా చిన్నాయనని దత్తత ఇచ్చాం, ఇంకొకాయన ఇల్లరికం వెళ్ళి మామగారి ఆస్తికి వారసుడయ్యాడు. మన దగ్గర ఇల్లరికపుటల్లుడి హక్కులు మద్రాసు హైకోర్టు దాకా వెళ్ళి నిలబడిన వ్యవహారాలు. చార్టులో మాత్రం ఆయన "భర్త" అనే ఒక చిన్న డబ్బా.

ఇంటిపేరు గడి ఇంకో తమాషా. మిగతా తెలుగు జిల్లాల్లో ఇంటిపేరు ముందు రాస్తారు. మా వైపు అరవ పద్ధతి కలిసి, చాలామందికి తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనిషియల్. నాదీ, మా నాయనదీ, మా తాతదీ వేర్వేరు ఇనిషియళ్ళు. ప్రోగ్రామ్ దృష్టిలో మేము ముగ్గురం మూడు వేర్వేరు వంశాలు. నేను చివరికి గ్రాంప్స్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో స్థిరపడ్డాను. తెలుగు లిపిలో పేర్లు తీసుకుంటుంది, డేటా మన కంప్యూటర్లోనే ఉంటుంది. ఇంటిపేరు గడిలో నేను గోత్రం రాసుకున్నాను. ఆడవాళ్ళకి పుట్టింటి ఊరు కూడా రాస్తాను. ఆ ఊరు లేకపోతే ఆవిడ పుట్టింటి వైపు ఒక్క అడుగు కూడా వెనక్కి వెళ్ళలేం. ఏ సైటు వాడినా జెడ్‌కామ్ ఫైలుగా (ఏ వంశవృక్షం ప్రోగ్రామైనా చదివే రకం) బయటికి తీసుకునే సౌకర్యం ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మీ వంశం వాళ్ళ సర్వర్లో తాకట్టులో ఉన్నట్టే.

బతికున్నవాళ్ళ పుట్టినతేదీలు, తల్లి పుట్టింటి పేర్లు పబ్లిక్ ట్రీలో పెట్టకండి. బ్యాంకువాడు అడిగే ప్రశ్నలు అవే కదా.

మన ప్రభుత్వ పోర్టళ్ళు వంశం కోసం పెట్టినవి కావు, అయినా నా అనుభవంలో అవే ఎక్కువ అక్కరకొచ్చాయి. ఆంధ్రాలో మీభూమి తెరిస్తే ఇప్పటి అడంగల్, వన్-బీ (పట్టాదారు ఖాతా) కనబడతాయి. తాత పేరు మీదే ఇంకా ఉండిపోయిన పొలం ఉంటే ఒక తరం వెనక్కి వెళ్ళినట్టే, సర్వే నంబరు చేతికొస్తుంది. ఆ నంబరుతో రిజిస్ట్రేషన్ శాఖ సైటు ఐజీఆర్‌ఎస్‌లో ఈసీ (ఆ పొలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీస్తే 1983 నుంచి జరిగిన లావాదేవీలు ఆన్‌లైన్‌లో ఉంటాయి. అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేత్తో వెతికించుకోవాలి. వెతికించండి, ముఖ్యంగా భాగపరిష్కార పత్రాలు. అన్నదమ్ములందరి పేర్లు, వరస, ఎవరి వాటా ఎంత, వితంతువైన తల్లికి మనోవర్తి ఎంత, ఏ బావి ఎవరికి, ఏ చింతచెట్టు కాయల్లో ఎవరికి సగం, అన్నీ ఉంటాయి. మా ఇంటి పత్రంలో అయితే ఒక జత ఎద్దుల కొమ్ముల తీరు కూడా రాశారు. ఏ వంశవృక్షం సైటులో దొరుకుతుంది ఇది? ఒక పోర్టల్‌లో మధ్యాహ్నం పూట పేజీ సగం తెరుచుకుని ఓటీపీ దగ్గర ఆగిపోతుంది. తెల్లవారుజామున కూర్చోండి, బాగా పనిచేస్తుంది.

ఆన్‌లైన్‌లో లేనిది, ఉంటే బాగుండునని నేను ఏడ్చేది ఇనాం ఫెయిర్ రిజిస్టరు. 1858లో వేసిన ఇనాం కమిషన్ ఊరూరా తిరిగి, ఎవరికి ఏ మాన్యం ఎవరిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, ఆయన వయసెంత, అసలు దానం పుచ్చుకున్నవాడికి ఏమవుతాడు అని విచారించి రాసింది. పూజారులకి, కరణాలకి, గ్రామ నౌకరీ మాన్యాలు ఉన్న చాకలి, మంగలి, వెట్టి కుటుంబాలకి కూడా ఇది దొరుకుతుంది. చిన్న కులాల పూర్వీకుల పేర్లు అంత పాత కాగితంలో కనబడే చోటు మన దగ్గర ఇంకోటి తేలిగ్గా దొరకదు. కలెక్టరేటులోనో స్టేట్ ఆర్కైవ్స్‌లోనో టైటిల్ డీడ్ నంబరుతో అడగాలి. జాతీయ ఆర్కైవ్స్ వాళ్ళ అభిలేఖ్ పటల్ బాగుంది, కానీ అందులో ఉండేది ఢిల్లీ సర్కారు ఫైళ్ళు. దొరలకి అర్జీ పెట్టుకున్న జమీందారు దొరుకుతాడు, ఆయన కౌలుదారు దొరకడు.

పట్టాలం వాళ్ళకి కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ సైటు. ఉచితం, రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయిన 17 లక్షల మంది పేర్లు. మన సిపాయిల దగ్గర చాలాసార్లు తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా రాసి ఉంటాయి. మెసొపొటేమియాలో పోయిన మద్రాసు సాపర్లు (సైన్యంలో వంతెనలు, దారులు వేసే దళం వాళ్ళు), కూలీ దళాల వాళ్ళు అందులో ఉన్నారు. పశ్చిమ గోదావరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్ళ వాళ్ళు తప్పక చూడాలి. ఇక్కడ కూడా పేరు గడి ఖాళీగా వదిలి, అదనపు సమాచారం అనే చోట ఊరో తాలూకానో కొట్టండి. బతికి తిరిగొచ్చినవాళ్ళు మాత్రం ఇందులో ఉండరు.

మారిషస్ వెళ్ళినవాళ్ళ పాత ఇమ్మిగ్రేషన్ రికార్డులు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. కోరంగి రేవు నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళు అక్కడ ఉన్నారు. ఫిజీకి మద్రాసు ఓడలు 1903లో మొదలై 1916లో ఆగాయి. అక్కడా మనిషికో పాసు, పాసు మీద ఊరు ఉంటాయి. మేస్త్రీల కింద రంగూన్ వెళ్ళినవాళ్ళకి ఇలా మనిషికో నంబరు పెట్టలేదు, అందుకే బర్మా వెళ్ళిన కుటుంబాలకి నేను ఏ సైటూ చెప్పలేకపోతున్నాను.

డర్బన్ వాళ్ళు ఈమధ్య ఇంకో నంబరు పంపారు. ఈసారి ఆవిడ తల్లివైపు ముత్తవ్వది. జిల్లా విశాఖపట్నం అని స్పష్టంగా ఉంది. థానా చీపురుపల్లి అని నాకు అనిపిస్తోంది. ఊరి పేరు చివర "వలస" తప్ప ముందు భాగం ఎవరికీ అర్థం కావడం లేదు, "గ"తో మొదలవుతుందో "క"తోనో. ఆ ప్రాంతంలో వలసలు మా కండ్రిగల్లాగే లెక్కలేనన్ని ఉన్నాయట. నంబర్లు వరసగా ఉన్నవాళ్ళ లిస్టు రాసి పెట్టాను, వాళ్ళలో నలుగురి థానా కూడా అదే. పాత చీపురుపల్లి తాలూకాలో కరణీకం చేసిన ఇళ్ళవాళ్ళు, అక్కడ రెవెన్యూలో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి. ఆ నాలుగు ఊళ్ళ పేర్లు పంపుతాను, వాటికి పొలిమేర కలిసే వలస ఏదో మీకే తెలుస్తుంది.